డేర్‌డెవిల్ కనిపించని డేర్‌డెవిల్

(బొమ్మల కథల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్ర: బెండిస్ రాసిన మార్వెల్ సూపర్‌హీరో డేర్‌డెవిల్ కామిక్కులు వరసగా చదువుతున్నాను. యాభయ్యో సంచికలో డేర్‌డెవిల్ నేరగాళ్ల నాయకుడు కింగ్‌పిన్‌ని చితక్కొట్టి, ఇకనించి ఈ పేటకి కింగ్‌పిన్‌ని నేనే అని ప్రకటిస్తాడు. ఆత్రం పట్టలేక వెంటనే 51 తెరిస్తే అసలు డేర్‌డెవిలే లేడు! ఎవరో అమ్మాయి చిన్ననాటి కబుర్లు, చింపి అతికించిన కాగితాలు, నీళ్లరంగులు, చేతుల బొమ్మలు. 55 దాకా ఇదే వరస. కథేదీ? వీటిని వదిలేసి 56కి వెళ్లిపోవచ్చా?

జ: నిక్షేపంగా వెళ్లిపోవచ్చు. 56వ సంచిక ఒక ఏడాది గడిచాక మొదలవుతుంది కనక ఎక్కడా తెగినట్టు అనిపించదు. మీ కోపం కొత్తదీ కాదు. 2003లో అవి వస్తున్నప్పుడే, ఆ కథకి మామూలుగా బొమ్మలు వేసే అలెక్స్ మలీవ్ చీకటి వీధుల కోసం కాచుక్కూచున్నవాళ్లు ఇలాగే విసుక్కున్నారు. అయినా మీ జాబు చదివాక నాకు కాస్త ఆశ పుట్టింది. "చేతుల బొమ్మలు" అని రాశారు చూశారా, విసుక్కుంటూనే చూడాల్సింది చూశారన్నమాట. వదిలేసే ముందు నా వాదన కూడా వినండి.

ఆ అయిదు సంచికల కథ పేరు 'విజన్ క్వెస్ట్'. రాతా, బొమ్మలూ రెండూ డేవిడ్ మాక్‌వే. ఆ అమ్మాయి మాయా లోపెజ్, మారుపేరు ఎకో. 1999లో మాక్, జో కెసాడా కలిసి ఆమెని డేర్‌డెవిల్ కథలోకి తెచ్చారు. చెవులు వినపడవు. కళ్లతో చూసిన ఏ కదలికనైనా అచ్చంగా తిరిగి చెయ్యగలదు, అది పియానో మీద వేళ్ల నడక కావచ్చు, కొట్లాట కావచ్చు. తండ్రి షయాన్ అనే అమెరికా మూలవాసి తెగ మనిషి, కింగ్‌పిన్ దగ్గర పనిచేసేవాడు. ఆ కింగ్‌పినే అతని ప్రాణం తీశాడు. పోతూ పోతూ కూతురి ముఖాన్ని తాకిన నెత్తుటి చెయ్యి అచ్చు పడిపోయింది. పెద్దయ్యాక ఆమె ముఖానికి వేసుకునే తెల్లటి అరచేతి గుర్తు అదే. ఆ పైన చంపినవాడే ఆ పిల్లని పెంచాడు. మీ నాన్నని చంపింది డేర్‌డెవిల్ అని నూరిపోశాడు. నిజం తెలిసిన రోజున ఆమె కింగ్‌పిన్‌ని ముఖం మీద కాల్చింది, అతని చూపు పోయింది.

ఇదంతా అంతకుముందు 'పార్ట్స్ ఆఫ్ ఎ హోల్' అనే కథలో వచ్చేసింది. అది మాక్ రాస్తే కెసాడా వేశాడు. గెంతులు, గుద్దులు, మేడల మీంచి దూకుళ్లు, మనకి అలవాటైన సరంజామా అంతా అందులో ఉంది. 'విజన్ క్వెస్ట్' దగ్గరికి వచ్చేసరికి మాక్ కుంచె తనే పట్టుకుని చాలావరకు అదే జీవితాన్ని మళ్లీ చెప్పాడు. కొత్తగా జరిగేది తక్కువ. "కథేదీ?" అన్న మీ ప్రశ్నలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను.

కానీ ఇప్పుడు చూస్తున్నది వేరే మనిషి. డేర్‌డెవిల్‌కి చూపు లేదు. 1964లో స్టాన్ లీ, బిల్ ఎవరెట్ అతన్ని పుట్టించిన నాటినించీ ఆ కథకి బొమ్మలు వేసిన ప్రతివాడికీ ఇదో తలనొప్పి. చూపులేనివాడికి లోకం ఎలా అందుతుందో కళ్లున్న పాఠకుడికి గీసి చూపించాలి. వలయాలు గీశారు, రాడార్ తరంగాలు గీశారు, గుండె చప్పుడు అక్షరాల్లో రాశారు. మొత్తం మీద ఆ కథ నడిచేది చప్పుళ్ల మీద. అలాంటి చోట చెవులు వినపడని మనిషిని తెచ్చి నడిమధ్య కూచోబెడితే ఏమవుతుంది? ఢాం, ధన్ అనే అక్షరాలకి పని లేకుండా పోతుంది. పెదాలు, వేళ్లు, ముఖాలు, ఆకారాలు మిగులుతాయి. మీకు విసుగు పుట్టించిన చేతులు సైగభాషలో మాట్లాడుతున్నాయి.

వాక్యాలు ఎక్కడున్నాయో కూడా గమనించండి. బుడగల్లో బుద్ధిగా వరస కట్టవు. బొమ్మ అంచుల వెంట పాకుతాయి, రంగుల కింద సగం మునుగుతాయి. ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కోవాలి. చిన్నప్పుడు మాయని అందరూ బుద్ధి ఎదగని పిల్ల అనుకున్నారు, పియానో ముందు కూచుని చూసింది చూసినట్టు వాయించేదాకా. ముక్కలుగా అందే లోకాన్ని ఏరుకుని అతుక్కోవడమే ఆ పిల్లకి రోజంతా పని. మాక్ ఆ పని కాసేపు మీ చేత చేయించాడు. మీకు చిరాకు పుట్టింది. ఆ పిల్లకీ పుట్టే ఉంటుంది.

ఇక డేర్‌డెవిల్ లేడన్న మాట. డేర్‌డెవిల్ అసలు పేరు మాట్ మర్డాక్. అతని తండ్రి జాక్ బాక్సర్. ముందే కుదుర్చుకున్న పోటీలో ఓడిపోవడానికి ఒప్పుకోనందుకు గూండాలు చంపారు. ఆ కొడుకు లాయరయ్యాడు, రాత్రిళ్లు ముసుగు వేసుకున్నాడు. ఈ కూతురు తండ్రి అరచేతినే ముసుగు చేసుకుంది. ఈ రెండు చావుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఆమె ముఖం మీది గుర్తులో అతని కథ కూడా చదువుకోవచ్చు. నాకైతే ఆ అయిదు సంచికల్లోనూ మాట్ పక్కగదిలో ఉన్నట్టే ఉంటుంది.

నచ్చనివీ ఉన్నాయి, దాచను. పెద్దాయన ఒకరు కూచుని పురాగాథలు చెప్పి, దర్శనం కోసం ఆ అమ్మాయిని ఎడారికి పంపే భాగం నాకు మింగుడుపడదు. అమెరికా మూలవాసి కనిపించగానే అతని నోట జ్ఞానబోధ చేయించడం అక్కడి కామిక్కులకి పాత జబ్బు, మాక్ లాంటివాడు కూడా తప్పించుకోలేకపోయాడు. ఎడారిలో ఎక్స్‌మెన్ కథల హీరో వుల్వరిన్ తగులుతాడు కదా, అతను కథ కోసం వచ్చాడో అమ్మకాల కోసం వచ్చాడో మీరే తేల్చుకోండి. నా అనుమానం నాకుంది.

ఈసారి ఇలా చేయండి. ఒక సంచిక మొత్తం ఒక్క అక్షరమూ చదవకుండా బొమ్మలే చూస్తూ తిరగేయండి. తరవాత మొదటికి వచ్చి చదవండి. అప్పటికీ విసుగొస్తే 56 ఎక్కడికీ పోదు.

ప్ర: సిరా ఒలకబోసినట్టు, పిల్లలు గీకినట్టు వేసి దాన్ని శైలి అంటారు. వీళ్లకి అసలు మామూలుగా బొమ్మ వేయడం వచ్చా?

జ: వచ్చు. మరీ ఎక్కువగా వచ్చు. చిత్రకారుడు బిల్ సింకేవిచ్‌నే తీసుకోండి. 1980లో మూన్ నైట్ అనే కామిక్కు మొదలెట్టినప్పుడు అతని గీత అప్పటికే పేరున్న చిత్రకారుడు నీల్ ఆడమ్స్ గీతకి ఎంత దగ్గరగా ఉండేదంటే ఆ పోలిక అతనికి మెడకో డోలైంది. ఆ మూన్ నైట్‌లోనే 1982 నాటి 26వ సంచిక ఉంది, 'హిట్ ఇట్'. తండ్రి చేతిలో దెబ్బలు తిని పెరిగిన మనిషి కథ. చక్కటి గీత అక్కడ విరగడం మొదలైంది. కథ అలాంటిది మరి.

1984లో అతను న్యూ మ్యూటెంట్స్‌కి వచ్చాడు, అది అతీత శక్తులున్న బడిపిల్లల కథ. మీకు వీలైతే సాల్ బసెమా వేసిన 17, సింకేవిచ్ వేసిన 18 పక్కపక్కన పరిచి చూడండి. రచయిత ఒక్కడే, క్రిస్ క్లేర్‌మాంట్. పిల్లలు వాళ్లే, బడి అదే. బసెమా పేజీలో ఎవరెక్కడ నిలబడ్డారో, తలుపు ఎటుందో ఇట్టే తెలుస్తుంది. పాత తరం పనితనం, దాన్ని తీసిపారేయను. 18లో డానీ మూన్‌స్టార్ అనే షయాన్ అమ్మాయి, తన తల్లిదండ్రుల్ని చంపిందని నమ్ముతున్న ఎలుగుబంటితో తేల్చుకోవడానికి ఒంటరిగా మంచులోకి వెళ్తుంది. ఆ ఎలుగుబంటి ఎత్తెంతో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. ఒకచోట గదంత, ఇంకోచోట ఆకాశమంత. బొచ్చు ఎక్కడ ఆగి రాత్రి ఎక్కడ మొదలైందో తెలీదు. డానీ మటుకు తెల్లటి మంచులో గోరంత. కొలతలు కుదరలేదని మార్కులు తీసేయదలిస్తే తీసేయొచ్చు. ఆ పిల్లకి అది ఎంత కనిపిస్తే అంత వేశాడతను. చివర్న ఆ ఎలుగుబంటిలోంచి ఏం బయటపడుతుందో మాత్రం నేను చెప్పను.

పిల్లలు గీకినట్టు అన్నారు కనక ఇంకో మాట. 2001లో డేర్‌డెవిల్ 16 నించి 19 దాకా 'వేక్ అప్' అనే కథ వచ్చింది. బెండిస్ రాశాడు, మళ్లీ మాకే వేశాడు. లీప్‌ఫ్రాగ్ అనే చిల్లర విలన్ కొడుకు టిమ్మీ. ఏదో చూసి దిమ్మెరపోయి, ఎవర్నీ పట్టించుకోకుండా డేర్‌డెవిల్ కొట్లాటల గురించి గొణుక్కుంటూ ఉంటాడు. వాడికేమైందో బెన్ ఉరిక్ అనే విలేకరి కూపీ లాగుతాడు. పిల్లాడి పిచ్చి గీతలే అక్కడ సాక్ష్యం. పెద్దల నీళ్లరంగుల లోకంలో ఆ క్రేయాన్ గీతలు పడగానే మీ చూపు ఆగిపోతుంది. పిల్లల చెయ్యిలా గీయడం పెద్దచేతికి ఎంత కష్టమో ఒకసారి కూచుని ప్రయత్నిస్తే తెలుస్తుంది. నా గీత ఎంత వంకర పోనిచ్చినా అనుభవం బయటపడిపోతుంది.

ప్ర: బ్యాట్‌మన్ పుస్తకం 'ఆర్కమ్ అసైలమ్'లో విలన్ జోకర్ మాటలు చదవలేక కళ్లు నొప్పి పుట్టాయి. ఎర్ర అక్షరాలు, బుడగ కూడా లేదు. ఎందుకీ హింస?

జ: అది గాస్పర్ సలడీనో అక్షరాల పని. 1989 నాటి పుస్తకం, గ్రాంట్ మోరిసన్ రచన, డేవ్ మెక్‌కీన్ బొమ్మలు. మిగతావాళ్ల మాట బుడగలో కుదురుగా ఉంటే జోకర్ గొంతు గోడ మీద గోరుతో గీరినట్టు వస్తుంది. పక్కన కూచుంటే భరించలేని మనిషి, పేజీ మీదా భరించలేకుండా ఉన్నాడు. అంతవరకు నేను మెచ్చుకుంటాను. మీ కళ్లనొప్పి నాకూ ఉంది కానీ ఆ నేరం నేను జోకర్ మీద వేయను. ఫొటోలు, రంగులు, అతికింపులు ఒకదాని మీద ఒకటి పడి కొన్ని పేజీల్లో ఎవరు ఎటు వెళ్లారో కూడా తెలీదు. బ్యాట్‌మన్‌ని చాలాచోట్ల నల్లటి నీడగా వదిలేయడం మాత్రం గొప్ప ఆలోచన. పిచ్చాసుపత్రిలో అడుగుపెట్టినవాడు తన ముఖమేదో తనకే ఖాయంగా తెలీని స్థితిలో ఉన్నాడు, మనకెందుకు చూపించాలి?

ప్ర: చిత్రకారుడు ఇలా ఇష్టారాజ్యంగా వేస్తే రచయితకి కోపం రాదా?

జ: కొందరికి వస్తుంది. ఫ్రాంక్ మిల్లర్ దానికి విరుగుడు కనిపెట్టాడు. 1986లో మొదలైన 'ఎలెక్ట్రా: అసాసిన్' ఎనిమిది సంచికలకీ అతను రచయిత, సింకేవిచ్ చిత్రకారుడు. బొమ్మలు తను అనుకోని దారిలో వచ్చేసరికి మిల్లర్ వాటిని చూసి తన మాటలు తిరగరాసుకున్నాడు. అందులో కెన్ విండ్ అని అధ్యక్ష పదవికి పోటీ చేసే మనిషి ఉన్నాడు. ఎక్కడ కనిపించినా అదే ముఖం, అదే నవ్వు. జిరాక్స్ తీసి అతికించిన ముఖం. జనం ముందు, కారులో, ఎవరితో ఏం మాట్లాడుతున్నా ఆ నవ్వు వెంట్రుకవాసి కదలదు. రాజకీయ నాయకుడి మీద అంత కఠినమైన వ్యాఖ్య ఏ రచయితైనా వాక్యంలో రాస్తే అతిగా ఉండేది.

ప్ర: మా నాన్న పోయి కొన్ని నెలలైంది. చివర్లో నన్ను గుర్తుపట్టలేదు. నా చిన్నప్పుడు నాకోసం సూపర్‌మన్ బొమ్మలు గీసి ఇచ్చేవారు. ఇప్పుడు తనెవరో మరిచిపోయిన సూపర్‌మన్ గురించి పది పేజీల బొమ్మల కథ వేయాలనుంది. స్నేహితులు నవ్వుతున్నారు. సూపర్‌హీరోని ఇలాంటివాటికి వాడుకోవడం తప్పా?

జ: నవ్వేవాళ్లకి 'ఇట్స్ ఎ బర్డ్' ఇచ్చి చదవమనండి. 2004లో వచ్చింది, స్టీవెన్ సీగల్ రాశాడు, డెన్మార్క్ చిత్రకారుడు టెడ్డీ క్రిస్టియన్‌సెన్ వేశాడు. అందులో కథానాయకుడు స్టీవ్ అనే కామిక్కుల రచయిత. సూపర్‌మన్ రాయమని అవకాశం వస్తుంది. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. అతను మాత్రం వద్దంటాడు. ఆ ఇంట్లో హంటింగ్టన్స్ జబ్బు ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఒంటి మీద, మాట మీద, బుద్ధి మీద పట్టు మెల్లగా జారిపోయే జబ్బు. సొంత నరాల్ని నమ్మలేని మనిషికి, తూటా తగిలినా గీరుకుపోనివాడి కథ రాయమంటే ఒళ్లు మండదా? సీగల్ సొంత కుటుంబంలో ఉన్న జబ్బే అది. సూపర్‌మన్ గురించి స్టీవ్ ఆలోచన ఒక్కొక్కటీ ఒక్కో చిన్న కథ అవుతుంది, ఒక్కోదాన్ని క్రిస్టియన్‌సెన్ ఒక్కో తీరులో వేశాడు. ఆ ఏడాది పనికి అతనికి అమెరికా కామిక్కులకిచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. పుస్తకంలో సూపర్‌మన్ ఎగిరి ఎవర్నీ కాపాడడు.

అసలు సూపర్‌మన్ పుట్టుకలోనే ఒక తండ్రి చావు ఉందనేవాళ్లున్నారు. సూపర్‌మన్‌ని పుట్టించిన ఇద్దరిలో ఒకడు జెర్రీ సీగెల్. అతని తండ్రి 1932లో తన బట్టల దుకాణంలో దొంగలు పడినప్పుడు గుండె ఆగి పోయాడు. 1938లో ఆ కొడుకూ, జో షుస్టర్ కలిసి తూటాలు తాకని మనిషిని అచ్చులోకి తెచ్చారు. ఈ రెంటికీ ముడి వేయడం సులువు, నాకు మాత్రం ధైర్యం చాలదు. కానీ మీరు వెళ్లకూడని చోటికి వెళ్లడం లేదు.

ఇక పని సంగతి. సమాధి దగ్గర సూపర్‌మన్ ఏడుస్తున్న బొమ్మ వేయకండి. అది వేయడం మీకు హాయిగా ఉంటుంది, చూసేవాళ్లకి ఏమీ ఉండదు. మరిచిపోవడం అనేది ఆయన చేతుల్లో, చిన్న పనుల్లో పట్టుకోండి. ఎగరగలిగినవాడు మెట్ల ముందు ఆగిపోయాడు. గోడ అవతల చూడగలిగినవాడు ఎదురుగా ఉన్న ముఖాన్ని పోల్చుకోలేకపోతున్నాడు. ఇలాంటివి మీ దగ్గర నాకంటే ఎక్కువే ఉంటాయి, ఆ నెలలు మీరు చూశారు.

నాన్నగారు గీసిన కాగితాలు ఏవైనా మిగిలాయా? మిగిలితే మీ పుస్తకం అక్కడే ఉంది. సూపర్‌మన్‌ని మీ గీతతో వేయకండి. ఆయన గీసినదాన్నే పల్చటి కాగితం పెట్టి దించండి, వంకర భుజాలతో, కుదరని ఎస్ గుర్తుతో సహా. చుట్టూ ఉన్న గది, మంచం, కిటికీ, మీరు, ఇవన్నీ మీ గీత. ఒకే పేజీలో ఇద్దరి చేతులు పడతాయి. కథ ముందుకెళ్లేకొద్దీ ఆయన గీతలు ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పొండి. ముందు అంగీ మీది గుర్తు పోనివ్వండి, తరవాత పై వస్త్రం. ఏ పేజీలో ఏది పోవాలో మీరు తేల్చుకోండి, ముఖం ఎప్పుడు పోవాలన్నది తొందరపడి తేల్చకండి. కాగితాలు మిగలకపోతే, చూడకుండా జ్ఞాపకం మీద ఆయనలా గీయండి. తప్పులు వస్తాయి, దిద్దొద్దు.

పదంటే పదే పేజీలు అని కూచోకండి. ఆరు చాలొచ్చు.

ప్ర: నేను వేసిన స్పైడర్‌మన్ కథని అచ్చు వేసి అమ్ముకోవచ్చా?

జ: ఆ పాత్ర మార్వెల్‌ది. మీ కోసం వేసుకోండి, స్నేహితులకి చూపించండి. అమ్మాలంటే వాళ్ల అనుమతి కావాలి, లేదా ఇదే కథని మీ సొంత పాత్రతో వేయండి. చాలాసార్లు రెండోదే మంచి పుస్తకం అవుతుంది, ఎందుకంటే సాలెగూడు తీసేస్తే కథలో ఇంకేమైనా మిగిలిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ప్ర: నేను మామూలు సూపర్‌హీరో కామిక్కులే చదివాను. ఇలాంటివి ఎక్కడ మొదలెట్టాలి?

జ: 'డేర్‌డెవిల్: లవ్ అండ్ వార్'. 1986, మిల్లర్ రచన, సింకేవిచ్ బొమ్మలు. ఒక్కటే పుస్తకం, ముందూ వెనకా ఏమీ చదవక్కర్లేదు. భార్య వెనెసాకి మాటా పలుకూ పోతే కింగ్‌పిన్ ఒక వైద్యుడి భార్యని ఎత్తుకొస్తాడు, నా భార్యని బాగుచేస్తేనే నీ భార్యని వదులుతానని. నేరగాళ్ల కథే, మీకు కొత్తగా ఉండదు. కొత్తగా ఉండేది కింగ్‌పిన్ ఒళ్లు. అది గడిలో పట్టదు. కొన్నిచోట్ల కోటు గుడ్డే కనిపిస్తుంది, పైన ఎక్కడో చిన్న తల. నగరమంతా తన గుప్పిట్లో ఉన్న ఆ కొండలాంటి మనిషి, పక్కన వెనెసా పుల్లలా. అతని చేతకానితనం మీకు ఒక్క బొమ్మలో తెలిసిపోతుంది. ఆ తరవాత 'వేక్ అప్', ఆ పైన న్యూ మ్యూటెంట్స్ 18, 19, 20. 'విజన్ క్వెస్ట్'కి తీరిక ఉన్న రోజు చూసుకోండి. ఆర్కమ్ మాత్రం అన్నిటికంటే చివర్న, పగటి వెలుతురులో.